అండాలత్త వాకిలి ఎండిన శుక్రవారం

నా నూలు చీరలకు ఇప్పటికీ నేనే గంజి పెట్టుకుంటాను. ఈ అపార్టుమెంటులో అన్నం వార్చేది బహుశా నేనొక్కదాన్నే. మొన్న పొద్దున పొయ్యి మీద గంజి చిక్కబడి, ఆ కమ్మని, కాస్త పుల్లని వాసన వంటగదంతా నిండేసరికి మా కోడలు కిటికీ తెరిచి ముక్కు మూసుకుంది. నాకేమో నవ్వు ఆగలేదు. "ఎందుకత్తయ్యా, ఒక్కరే నవ్వుకుంటున్నారు?" అంది. ఒకామె గుర్తొచ్చిందన్నాను. ఎవరని అడిగితే ఏం చెప్పను? చుట్టం కాదు, స్నేహితురాలందామంటే నా తల్లి వయసుది. మా అత్తగారింటికి ఎదురింటి ఆమె. పేరు అండాలమ్మ. నేను అండాలత్త అనేదాన్ని. నలుగురితో కలిసి బతకడం నాకు ఏ కాస్త వచ్చినా అది ఆమె పెట్టిన భిక్షే.

మా నాయిన కల్వకుర్తి దవాఖానలో కాంపౌండరు. మేమూ సాలెవాళ్ళమే గానీ మా తాత నాడే మగ్గం అటకెక్కింది. నాకు తెలిసిన పనల్లా మందు సీసాలు కడిగి ఆరబెట్టడం. అలాంటిదాన్ని తెచ్చి హాలియా పోయే బస్సు దారి పక్కన ఒక సాలెవాడలో కోడలిని చేశారు. పొద్దు పొడిచింది మొదలు ఇంటింటా మగ్గం చప్పుడే. ఏది తొక్కకూడదో, ఏది దాటకూడదో, ఏది ముట్టుకుంటే పోగు తెగుతుందో తెలియక నా ఇంట్లో నేనే దొంగలా తిరిగేదాన్ని. మా అత్త లచ్చమ్మది మాట కత్తి, మనసు వెన్న అని వాడంతా చెప్పేవాళ్ళు. వెన్న ఎక్కడ దాచిపెట్టిందో గానీ మొదటి ఏడాది నాకు కత్తి ఒక్కటే కనపడింది.

అండాలత్త పొట్టిగా, నల్లగా, ముక్కుకు పెద్ద పుల్లతో ఉండేది. ఎప్పుడు చూసినా చీర కుచ్చిళ్ళు తడిసే ఉండేవి. ఒక్క కూతురు, పెళ్ళయి వెళ్ళిపోయింది. నందికొండ దగ్గర డ్యాం కడుతున్న రోజులవి. మగ్గం మీద గిట్టుబాటు కాక ఆమె మొగుడు అక్కడ సిమెంటు గోదాముకు కావలి పనిలో చేరాడు. ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేవాడు. అందుకని ఆమెకు ఎదురుగా ఉన్న మా ఇల్లే సగం ఇల్లు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం మా అత్త సంతకు పోయింది. నేను పప్పు పొయ్యి మీద పెట్టి, దీపం ముట్టించి, ఉప్పు కోసం చూస్తే కుండ ఖాళీ. ఉప్పు లేని పప్పు అత్త ముందు పెట్టేకంటే కల్వకుర్తి బస్సెక్కడం మేలనిపించింది. గిన్నె పట్టుకొని ఎదురింటికి పరుగెత్తాను. అండాలత్త గిన్నె వంక చూసి, గూట్లో వెలుగుతున్న దీపం వంక చూసింది.

"దీపం పెట్టినంక ఉప్పు ఇయ్యరు పిల్లా. ఇంటి లచ్చిమి పోతదంటరు" అంది.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె పీట జరుపుకొని గోడ వైపు తిరిగి కూర్చుంది. "నేనైతె ఇయ్య. నేను గోడ దిక్కు తిరిగిన. నా ఇంట్లకు పిల్లి వస్తదో, ఎదురింటి కోడలు వస్తదో నాకేం ఎరుక? ఉప్పు కుండ పొయ్యి పక్కకున్నది. మూత మళ్ళ పెట్టకపోతె మాత్రం పిల్లిని తంత" అంది గోడతో.

మర్నాడు పొద్దున బదులు తీర్చడానికి పోతే, "ఏ ఉప్పు? నేను ఎవ్వరికి ఇయ్యలేదే" అని చేతులు తిప్పేసింది. ఆచారం ఆచారంగానే ఉండాలి, ఆకలితో వచ్చినవాళ్ళు ఖాళీ చేతులతో పోకూడదు. ఈ రెంటి మధ్య సందు వెతకడంలో ఆమెను మించినవాళ్ళను నేను చూడలేదు.

ఆమె ఎంతకూ వదలని ఆచారం ఒకటుంది. మా వైపు తెల్లవారకముందే వాకిట్లో పేడనీళ్ళు చల్లుతారు. సాన్పి చల్లడం అంటాం. వానొచ్చినా, ఒళ్ళు కాలిపోతున్నా అండాలత్త సాన్పి చల్లి ముగ్గు వేయకుండా పొయ్యి ముట్టించేది కాదు. కాలు మెలిక పడినప్పుడు గోడ పట్టుకొని కుంటుతూ చల్లింది. "సాన్పి లేని వాకిలంటె ఇంట్ల ఎవరో పోయినట్టే పిల్లా. బతికున్నన్ని దినాలు బతికున్నట్టు కనపడాలె గద" అనేది. చల్లడం నేర్పింది కూడా ఆమే. నడుం వంచి, దోసిలి ఏటవాలుగా పట్టి విసిరితే నీళ్ళు విసనకర్రలా విచ్చుకొని పడేవి. చేతి వాటం పెద్దది కావడంతో సగం మా వాకిట్లో కూడా పడేవి. "మీది గుడ తడుపుతున్న, నీకు సగం పని తప్పిందిపో" అని నవ్వేది.

ఆ పెద్ద చెయ్యే మా కొంప ముంచింది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగుకు, అంటే నిలువు పోగులకు, వీధి పొడవునా చాపి గంజి పెట్టాలి. గుంజలకు కట్టి, మధ్యమధ్య వెదురు కర్రలు ఆసరాగా నిలిపి, రెండు వైపులా మనుషులు నిలబడి గంజిలో తడిపిన కుంచెలతో దువ్వుతారు. ఎవరింటి పడుగైనా వాడలో అందరూ వచ్చి చెయ్యి వేస్తారు. మా సందులో తిన్నగా ఉన్న జాగా సరిగ్గా అండాలత్త ఇంటి ముందే. ఒకరోజు మా వాళ్ళు చీకటితోనే అక్కడ పడుగు చాపారు. ముందు రోజు చెప్పడం మరిచారు. అండాలత్త నిద్ర కళ్ళతో తలుపు తీసి, అలవాటుగా మొదటి దోసిలి విసిరింది. ఎవరిదో పెళ్ళికి ఇవ్వాల్సిన తెల్ల ధోతుల పడుగు మీద పచ్చగా చుక్కలు చుక్కలుగా పడింది.

మా అత్త చూసింది. వాడంతా వినేట్టు అనాల్సినవన్నీ అంది. అండాలత్త చేతులు జోడించింది, ఒట్టేసింది, పడుగు తానే కడుగుతానంది. మా అత్త వినలేదు. "ఇయ్యాల్టి సంది ఆ గడప తొక్కినవంటె నా గడప తొక్కొద్దు" అని నాతో కూడా చెప్పేసింది.

చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది, మాటలు మాత్రం రాలేదు. కానీ ఎదురెదురు ఇళ్ళలో ఉండి నోరు మూసుకొని బతకడం ఎవరి తరం? మా అత్త వాకిట్లో కట్టేసిన దూడతో మాట్లాడేది. "ఓ దూడా, కొందరికి కండ్లుంటయి గని కనపడయే!" అని గట్టిగా అనేది. అండాలత్త తన మేకకు ఆకులు వేస్తూ, "ఓ మేకా, కొందరి నోట్లె తేలుంటదట, జర దూరం ఉండే!" అనేది. అండాలత్త చింతకాయ తొక్కు ఉత్త ఉప్పని కూడా దూడకే మొదట తెలిసింది, తర్వాత ఊరందరికీ. ఆ దూడకు తెలిసినన్ని సంగతులు వాడలో ఇంకెవరికీ తెలియవు.

నవ్వొచ్చే సంగతే గానీ నాకప్పుడు నవ్వు రాలేదు. ఆ ఊళ్ళో నా మంచీ చెడూ చెప్పుకొనేందుకు ఉన్న ఒక్క మనిషి ఎదురుగా కనబడుతుంటే పలకరించడానికి లేదు. పైగా పడుగులు తీసుకుపోయి బడి వెనక గాలికి చాపాల్సి వచ్చేది. అక్కడ నేల ఎగుడుదిగుడు, పోగులు పుటుక్కున తెగేవి. మా ఆయన తెగిన పోగులు అతుకుతూ కూర్చుంటే మగ్గం ఖాళీగా ఉండేది. మగ్గం ఆగితే ఇంట్లో అందరి మొహాలూ ఎలా ఉంటాయో సాలెవాళ్ళకు చెప్పక్కర్లేదు.

వానాకాలం మొదట్లో మా ఆడబిడ్డ పురుటికని మా అత్త హాలియా వెళ్ళింది. పోయే ముందు అండాలత్త జ్వరంతో దగ్గడం విన్నది. "ఓ దూడా, మందు మింగక దగ్గుకుంట సచ్చేటోళ్ళకు బుద్ధి జెప్పరాదే" అని బస్సుకు నడిచింది. ఆమె అటు పోగానే ఇటు మొదటి వాన పడి బడి వెనక జాగా బురదయింది. పడుగు సిద్ధంగా ఉంది. మళ్ళీ మబ్బు పడుతోంది. ఇక ఎక్కడన్నా చాపితే ఎదురింటి ముందే చాపాలి. లేదంటే నెలంతా మగ్గం మూలపడుతుంది.

"నువ్వే అడుగు" అన్నాడు మా ఆయన.

"మీ అమ్మ మాట్లాడొద్దన్నది గద?"

"నేను అడిగితె అమ్మకు తెలుస్తది" అని తప్పించుకున్నాడు. నేను అడిగితే తెలియదా ఏం? మగవాళ్ళ ధైర్యం అలాగే ఉంటుంది.

ఏం చేయాలో తోచక వాకిట్లో నిలబడ్డాను. దూడ నా వంక చూసింది. ఇంకేముంది, దాని మెడ పట్టుకొని గొంతు పెంచాను. "ఓ దూడా! రేపు పొద్దుగాల పడుగుకు గంజి పెడదామంటె ఎక్కడ జాగా లేకపాయెనే! ఏం జేద్దమే?"

ఎదురింట్లో చప్పుడు ఆగింది. కాసేపటికి అండాలత్త కంబళి కప్పుకొని బయటకు వచ్చి మేక ముందు కూర్చుంది. "ఓ మేకా! రేపు నేను సాన్పి చల్ల. వాకిలి ఎండె ఉంటది. ఎవరికి అక్కరుంటె వాళ్ళు వాడుకోవచ్చు. ఫికర్ జెయ్యొద్దని చెప్పు" అంది.

మర్నాడు శుక్రవారం. అసలే శుక్రవారం, ఆమె వాకిలి ఎండబెట్టుకుంటానంటే నాకు మనసొప్పలేదు. "ఓ దూడా, శుక్రారం గదనే!" అన్నాను.

"ఓ మేకా, మబ్బుకు శుక్రారం తెలుస్తదా?" అని లోపలికి పోయింది.

తెల్లవారుతుండగా పడుగు చాపాం. వాడ మగవాళ్ళందరూ చొక్కాలు లేకుండా, తలకు తువ్వాళ్ళు చుట్టుకొని వచ్చారు. గంజి చల్లారకుండా అండాలత్త గుమ్మం పక్కనే మూడు రాళ్ళు పెట్టి నిప్పు చేసి కుండ ఎక్కించాం. మసక వెలుతురు. పొగ. ఇంతలో అండాలత్త ముసుగు కప్పుకొని వచ్చి, ఎవరూ పిలవకుండానే ఒక కుంచె అందుకొని పడుగుకు అవతలి వైపు నిలబడింది. జ్వరం తగ్గినట్టుంది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు, కన్ను మాత్రం గీటింది.

సరిగ్గా అప్పుడే మా అత్త వస్తుందని ఎవరనుకున్నారు? ఆడబిడ్డకు పురుడు సుఖంగా అయింది. ఆ వార్త మోసుకొని తెలిసినవాళ్ళ బండి ఎక్కి తెల్లారేసరికి దిగింది. సందు మలుపులో నిలబడి చూసింది. అండాలు ఇంటి ముందు సాన్పి లేదు. ముగ్గు లేదు. గుమ్మం బయట నిప్పు. చొక్కాలు లేని మగవాళ్ళ గుంపు. వాళ్ళ నడుమ వెదురు కర్రల మీద తెల్లగా, పొడుగ్గా ఏదో. అందరూ దాని మీదికి వంగి ఉన్నారు. పుట్టినప్పటి నుంచీ పడుగులు చూసిన మనిషే. కానీ తనతో మాటల్లేని అండాలు ఇంటి ముందు పడుగు ఎందుకుంటుంది? అండాలు బతికుంటే వాకిలి ఎందుకు ఎండుతుంది?

చేతిలో మూట జారిపోయింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని ఒక్క కేక పెట్టింది.

"ఓ అండాలూ! నా అండాలూ! ఎంత పని జేస్తివే! నాకు చెప్పకుంట పోతివానే!"

మా ఆయన బిత్తరపోయి "అమ్మా" అనబోయాడు. అండాలత్త పడుగు మీదుగా చెయ్యి చాచి అతని నోరు మూసింది. అతని మూతంతా గంజి అయింది. "శ్శ్! కుంచెలు ఆపకుండ్రి, గంజి ఎండుతది" అని గుసగుసగా చెప్పి, "జర ఇననియ్యుండ్రి" అంది.

కుంచెలు నడుస్తూనే ఉన్నాయి. మా అత్త కొంగు మొహాన కప్పుకొనే, గోడ తడుముకుంటూ, రొమ్ము బాదుకుంటూ గుమ్మం దాకా వచ్చి కూలబడింది.

"మరక ఉతికితె పోయిందే అండాలూ! మొదటి ఉతుకుకే పోయిందే! పెళ్ళోళ్ళు మంచిగున్నయని తీస్కపోయిన్రే! నీకు చెప్పనైతినే! నా నోరు పడిపోను, మాట తగ్గుడు ఎట్లనని చెప్పనైతినే!"

మగవాళ్ళు నవ్వు దాచుకోవడానికి తలలు వంచుకున్నారు. కుంచెలు వణుకుతున్నాయి.

"నీ తొక్కు మంచిగలేదని ఊరంత చెప్తినే! అబద్ధమే! నీ తొక్కు లేక నాకు బువ్వ పోతలేదే! పొద్దుగాల లేస్తె ఎవరి మొఖం సూడాలెనే! నా కోడలిని బిడ్డ లెక్క సూస్తివే, అది గుడ నాకు కండ్లమంటాయెనే!"

ఆ చివరి మాటకు నాకు నవ్వు ఆగిపోయి ఏడుపొచ్చింది. అండాలత్త చెయ్యి కూడా పడుగు మీద ఆగింది. కొంగుతో కళ్ళు తుడుచుకొని, "మరక పోయిందా లచ్చక్కా?" అని అడిగింది.

మా అత్త మొహం మీద కొంగు తీసింది. ఎదురుగా చేతిలో కుంచెతో అండాలు. నోరు తెరిచి అలాగే చూసింది. తర్వాత పడుగు కిందుగా దూరి అవతలికి పోయి, ఆమె వీపు మీద ఫెడీల్మని ఒకటి వేసింది. "సచ్చినదానా! బతికె ఉన్నవానే!" అని అరిచి, అదే చేత్తో గట్టిగా పట్టుకుంది. అప్పటిదాకా నవ్వు బిగపట్టిన వాడంతా గొల్లున నవ్వింది. ఒక ముసలాయన నవ్వలేక నేల మీద కూర్చుండిపోయాడు.

"శుక్రారం పూట వాకిలి ఎందుకు ఎండబెట్టినవే?" అంది మా అత్త కాస్త తేరుకొని.

అండాలత్త గడ్డంతో పడుగు వైపు చూపింది. "నీ కొడుకుదే."

మా అత్త తిరిగి పడుగు వైపు చూసింది. ఇంట్లోకి పోయి సాన్పి కుండ తెచ్చింది. పడుగు ఏమవుతుందోనని అందరం చూస్తున్నాం. ఆమె పడుగు కింద గొంతు కూర్చొని, కొంగు విప్పి పోగులకు అడ్డం పట్టుకొని, రెండు వేళ్ళతో ముంచి ముంచి అండాలత్త గుమ్మం ముందు చుక్కలు చుక్కలుగా చల్లింది. పడుగు మీద ఒక్క తుంపర పడలేదు.

ఆ మధ్యాహ్నం నేను అండాలత్తను అడిగాను. మాతో మాటలే లేవు గదా, ఎందుకు అంత చేశావని. "కయ్యం మీ అత్తకు నాకు. పడుగుకేం ఎరుక పిల్లా?" అంది. ముక్కుపుల్ల సవరించుకొని, "నా తొక్కు మంచిగుంటదని లచ్చక్క నోట ఇనాలంటె నేను సావవలసి వచ్చింది సూడు!" అని పకపక నవ్వింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం మొదలుపెడితే పొయ్యి మీద కూరలు మాడిపోయేవి. పాపం దూడతో మాట్లాడేవాళ్ళే లేకుండా పోయారు.

కొన్నేళ్ళకు మా ఆయనకు నందికొండలో పని దొరికి మేం అత్తను కూడా తీసుకొని అక్కడికి మారాం. సామాన్లు బండికెత్తుతుంటే నేను అండాలత్త దగ్గరికి పోయాను. నాకు అలాంటి మాటలు చెప్పడం అలవాటు లేదు. అయినా "నువ్వు లేకుంటె నేను ఈ వాడల బతకకపోదును అత్తా. మా అమ్మ కంటె ఎక్కువ నేర్పినవు" అన్నాను. ఆమె తడి కుచ్చిళ్ళతోనే మొహం తుడుచుకొని, "ఇంకొకసారి చెప్పు పిల్లా, సరిగ్గ ఇనపడలే" అంది. మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పించుకుంది.

చాలా ఏళ్ళకు ఆమె నిజంగానే పోయింది. కబురందగానే అత్తను తీసుకొని వెళ్ళాను. ఏడుపులో మా అత్తను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఆమె వచ్చిందంటే గుంపులో ఆడవాళ్ళంతా జరిగి చోటిచ్చారు. మా అత్త అండాలత్త పక్కన కూర్చుంది. చెదిరిన వెంట్రుకలు సర్దింది, ముక్కుపుల్ల సరిచేసింది, చెయ్యి పట్టుకుంది. ఒక్క మాట అనలేదు. ఎవరో ఆగలేక, "ఏందక్కా, అండాలు మీద ఒక్క మాట ఏడ్వవా?" అన్నారు.

"నేను ఏడ్వాల్సిందంత ముందుగల్లనే ఏడ్చిన" అంది మా అత్త. "అండాలు ఇన్నది."

అప్పటి నుంచి మనుషుల గురించి మంచి మాట ఏదైనా ఉంటే నేను లోపల దాచుకోను. మొహం మీదే చెప్పేస్తాను. మావాడికి నలుగురిలో నాతో నడవాలంటే సిగ్గు. మా పై అంతస్తు ఆమెకూ నాకూ ఆరేసిన బట్టల నుంచి నీళ్ళు కారతాయని గొడవై మాటలు పోయి చాలా కాలమైంది. ఆమె పొద్దున్నే దేవుడి పాట పాడుకుంటుంది. గొంతు బాగుంటుంది. మొన్న గంజి చీర దండెం మీద వేసి, మెట్లెక్కి పోయి తలుపు కొట్టి, "నీ పాట రోజూ వింటానమ్మా, నాకు చాలా ఇష్టం" అని చెప్పాను. ఆమె కంగారుపడి నా చెయ్యి పట్టుకొని, "ఆంటీ, ఒంట్లో బాగానే ఉందా?" అంది.

"బాగానే ఉంది, అందుకే చెబుతున్నా" అన్నాను.